కూడలిలో ఆగిపోయిన పేరు

దయాకర్ సారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు అపార్ట్‌మెంటు గేటు దగ్గరే కారు ఆపించి దిగాడు. వాచ్‌మన్ మల్లేశం పరుగున వచ్చి చేతికర్ర అందించబోతే, కర్ర తర్వాత అన్నట్టు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం మల్లేశం, నీ బండి బాగైందా? ఇంకా మెకానిక్ దగ్గర్నే పడున్నదా?"

మల్లేశం బాగైందన్నట్టు తల ఊపాడు. బడి మైదానంలో పిల్లల చేత కబడ్డీ ఆడిస్తూ ఉన్నపళంగా కూలబడిపోయిన మనిషి, మాట పడిపోయి, గుక్కెడు నీళ్ళు కూడా మింగలేక ముక్కులో గొట్టంతో నెలల తరబడి మంచాన ఉన్న మనిషి, ఇవాళ నిటారుగా నిలబడి వాచ్‌మన్ బండి సంగతి అడుగుతున్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట అపార్ట్‌మెంటంతా పాకింది.

ఇస్త్రీ బండి అతన్ని సారు పేరు పెట్టి పిలిచాడు. లిఫ్టులో ఎదురైన లాయరుగారిని కోడలి కాన్పు అయిందా అని అడిగాడు. వెనకాల మందుల సంచులతో నడుస్తున్న భార్య స్వరూపకు అడుగులు నేల మీద ఆనడం లేదు. సారు మెదడులో పాడైన చోట డాక్టర్లు పెట్టిన చిప్పు ఆమె పనిచేసే ల్యాబులో తయారైంది. దాని లోపల దారులు వేసింది ఆమే.

ఇంటి గుమ్మంలో కూతురు ఇందుజ దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న పిల్ల. తండ్రిని చూడగానే దాని మొహం ఏడుపుకూ నవ్వుకూ మధ్య ఎటూ కాకుండా పోయింది. సారు ఆ పిల్లను చూశాడు. ఊపిరి కొంచెం గబగబా పీల్చాడు. వెనక్కి తిరిగి స్వరూపనూ చూశాడు.

"ఏమనుకోకుండ్రి. ఇంట్ల మావోళ్ళు లేరా? మా ఆవిడ స్వరూప, మా బిడ్డ ఇందు, ఇద్దరూ ఎటు పోయిండ్రు? మీరెవరమ్మా?"

ఇందుజ చేతిలో పళ్ళెం ఒరిగి ఎర్రనీళ్ళు గడప మీద ఒలికాయి.

ఆసుపత్రిలోనూ ఆయన స్వరూపను 'సిస్టర్' అనే పిలిచాడు. మాస్కూ గౌనూ వేసుకుని వెళ్ళేది కాబట్టి పోల్చుకోలేదని ఆమె సర్దిచెప్పుకుంది. ఇంటికి వస్తే అదే దారిన పడుతుందనుకుంది. వచ్చాక తేలింది ఏమిటంటే, ఆయనకు ఇల్లు తెలుసు. ఏ అల్మరాలో ఏ చొక్కా ఉందో తెలుసు. భార్య గురించీ కూతురి గురించీ పూసగుచ్చినట్టు తెలుసు. ఎదురుగా ఉన్న ఈ ఇద్దరూ ఆ ఇద్దరే అని మాత్రం తెలియదు. పెళ్ళి ఆల్బమ్ ముందు పెడితే పురోహితుణ్ణి గుర్తుపట్టాడు, సన్నాయి ఊదినతణ్ణీ గుర్తుపట్టాడు. పెళ్ళికూతురి మీద వేలు పెట్టి, నా పక్కన ఈమెను ఎందుకు కూసోబెట్టిండ్రు అని అడిగాడు. నేనే స్వరూపను అని ఆమె చెబితే నొచ్చుకున్నాడు. చూడబోతే మర్యాదస్తురాలు, ఇట్లా అబద్ధం ఎందుకు చెబుతున్నదో ఆయనకు అంతుపట్టలేదు.

సాయంత్రం కాగానే బాల్కనీలో నిలబడి రోడ్డు వైపు చూసేవాడు. స్వరూప ఆఫీసు నుంచి వచ్చే వేళ అది. ఆమె ఆటో దిగి గేటులోకి వస్తుంటే చూస్తూనే, ఆమె తల మీదుగా మళ్ళీ దూరంగా చూసేవాడు. ఇంట్లోకి వచ్చి ఆమె చెప్పులు విప్పుతుంటే, "మా స్వరూపకు ఇంకా పని తెమిలినట్టు లేదు" అనేవాడు. అవునండీ, వచ్చేస్తుంది అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఒంట్లో బాగున్న రోజుల్లో భార్య ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే దయాకర్ సారు, "మా ఆవిడ ట్రాఫిక్ పోలీసు. ఆమె చౌరస్తాలన్నీ కలిపి గోటి మీద పడ్తయ్" అనేవాడు. ఎగతాళికి అన్నా, ఆ పనిని అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఆ చిప్పు కందిపప్పు బద్దంత ఉంటుంది. అందులో వందల కొద్దీ బుల్లి ప్రాసెసర్లు. మెదడులో చచ్చిపోయిన ఒక్కొక్క తునకకు బదులుగా ఒక్కొక్కటి పనిచేస్తుంది. ఒకటి గుటక సంగతి చూస్తుంది, ఒకటి ఊపిరి, ఒకటి కుడికాలి నిలకడ. ఒకటి, కంటికి కనబడిన మొహానికీ చెవికి వినబడిన గొంతుకూ పేరు జతచేస్తుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే మనిషి లేచి నిలబడలేడు. ఆ మాటలు చిన్న చిన్న ప్యాకెట్లుగా కంటికి కనబడని తీగల మీద పోతాయి. తీగలు కలిసే ప్రతిచోటా ఒక కూడలి. రెండు ప్యాకెట్లు ఒకేసారి వచ్చి నిలబడితే ఏది ముందు పోవాలో కూడలే తేల్చాలి. ఆ తేల్చే పద్ధతి రాయడమే స్వరూప పని.

ఆమె రాసిన పద్ధతికి వంక పెట్టడానికి లేదు. రోడ్డు మీద అంబులెన్సుకు దారి ఇచ్చినట్టు ప్రాణానికి సంబంధించినవి ముందు: ఊపిరి, గుండె, గుటక, పడిపోకుండా నిలబడటం. దారి ఖాళీ అయ్యాక తక్కినవి. మొహాలూ పేర్లూ అన్నిటికన్నా చివర. ఎదుటిమనిషి పేరు కాస్త ఆలస్యంగా తడితే కొంప మునగదు. గుటక ఆలస్యమైతే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంకో నియమం కూడా మొదట్లో ఉండేది. ఏ ప్యాకెట్ అయినా మరీ ఎక్కువసేపు ఆగితే దానికీ దారి ఇవ్వాలని. అందుకు ప్రతి కూడలిలోనూ అదనపు సర్క్యూటు కావాలి, సర్క్యూటు పెరిగితే వేడి పెరుగుతుంది. మెదడులో పెట్టే వస్తువు ఏ కాస్త వేడెక్కినా చుట్టూ ఉన్న కణాలు మాడిపోతాయి. ల్యాబు పెద్ద పరాంకుశం గారు వేడి తగ్గించమని అందరినీ పోరుతున్న రోజులవి. స్వరూప పరీక్షలు చేసి, ఆ నియమం లేకపోయినా ఏ ప్యాకెట్టూ ఎక్కువసేపు ఆగడం లేదని చూపించింది. నియమం తీసేశారు. వేడి తగ్గింది. మీటింగులో చప్పట్లు కొట్టారు.

ఆ పరీక్షలు ఎవరి మీద చేశారంటే, వాళ్ళ మీద వాళ్ళే చేసుకున్నారు. ల్యాబులో వాళ్ళంతా తలలకు సెన్సార్ల టోపీలు పెట్టుకుని మొహాల ఫొటోలు చూశారు. ఆ సంకేతాలను చిప్పు నమూనాలోకి పంపి చూశారు. ఇంట్లోవాళ్ళ ఫొటోలు వాడదామని ఒకరిద్దరు అడిగితే, కుటుంబ విషయాలు బయటపడతాయని నైతిక నియమాల కమిటీ ఒప్పుకోలేదు. సరేలెమ్మని ఒకరి ఫొటోలు ఒకరు చూసుకున్నారు, చాలకపోతే సినిమా హీరోలవీ క్రికెటర్లవీ కలిపారు. రోజూ క్యాంటీన్‌లో ఉప్మా తింటూ కనబడే మొహాన్ని చూస్తే ఎవరి గుండె మాత్రం అదురుతుంది? దారులన్నీ ఖాళీగా కనబడ్డాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

డిజైను, చిప్పులు అచ్చుపోసే ఫౌండ్రీకి పంపే రోజు పూజ చేయడం ఆ ల్యాబులో రివాజు. సర్వరుకు బొట్టు పెట్టి, గది బయట కొబ్బరికాయ కొట్టి, పరాంకుశం గారు ఆ రోజు స్వరూప చేతనే బటన్ నొక్కించారు. ఒకసారి నొక్కాక మార్పులు ఉండవు, కూడళ్ళు లోహంలో అచ్చయిపోతాయి. ఆమె ఇంటికి తెచ్చిన కొబ్బరితో దయాకర్ సారే పచ్చడి నూరాడు. ఆయన మైదానంలో కూలబడింది మరుసటి వేసవిలో.

చిప్పులో రద్దీ ఎలా ఉందో బయటికి తెలియడానికి మెడ దగ్గర చర్మం కింద చిన్న రేడియో పెడతారు. దాన్ని ల్యాబులో తెర మీద చూడొచ్చు. సారు ఎవరిని ఎందుకు గుర్తుపట్టడం లేదో చూద్దామని, ఆపరేషన్ చేసిన డాక్టర్ ఫరీదా ఒక మధ్యాహ్నం ఆయనను ల్యాబుకు రప్పించింది. అద్దాల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అవతల తెర ముందు స్వరూప కూర్చుంది.

ముందు ఫరీదా ఆయనకు ఎదురుగా వెళ్ళి కూర్చుంది. డాక్టరమ్మా అని పలకరించాడు. తెర మీద, పేరు మోస్తున్న ప్యాకెట్ ఒక్కొక్క కూడలీ దాటుకుంటూ ఎక్కడా ఆగకుండా చేరింది. తర్వాత పరాంకుశం గారు వెళ్ళారు. ఆయన పేరే కాదు, ఎప్పుడో ఇంటికి భోజనానికి వచ్చి గోంగూర మళ్ళీ అడిగి వేయించుకున్న సంగతి కూడా సారుకు గుర్తుంది. అప్పుడు ఇందుజను పంపారు. ఏమీ మాట్లాడవద్దని చెప్పి పంపారు.

పిల్ల తలుపు తీసిన క్షణంలోనే గుండె ప్యాకెట్లు దారులన్నీ ముంచెత్తాయి. వాటి వెనకే ఊపిరివి, గొంతు బిగుసుకున్నవి, చేతులు వణికినవి. అన్నీ ప్రాణానికి సంబంధించినవే, అన్నిటికీ కూడలి దారి ఇస్తూ పోయింది. ఒక మూలగా, పేరు మోస్తున్న ప్యాకెట్ ఆగి ఉంది. దాని వెనక ఇంకొకటి వచ్చి ఆగింది, ఇంకొకటి వచ్చి ఆగింది. గడువు దాటిపోయి అవి రాలిపోయాయి. మళ్ళీ బయలుదేరాయి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాయి.

"ఎవరమ్మా నువ్వు?" అంటున్నాడు సారు గదిలో. "నిన్ను చూస్తుంటే నాకు ఏందో అయితున్నది."

ఫరీదా స్వరూప పక్కన వచ్చి నిలబడింది. చాలాసేపు తెర చూసింది.

"మనవాళ్ళను చూసినప్పుడు పేరు తట్టకముందే ఒంటికి తెలిసిపోతుంది స్వరూపగారూ. అందరికీ అంతే. గుండె ముందు కొట్టుకుంటుంది, పేరు తర్వాత వస్తుంది. ఈయనకు ఆ కొట్టుకోవడం తగ్గేదాకా పేరు రాదు. మీరు ఎదురుగా ఉన్నంతసేపూ అది తగ్గదు."

స్వరూప ఒక్కొక్కరినీ తలుచుకుంది. వాచ్‌మన్ పేరు తడుతుంది, లాయరు పేరు తడుతుంది, గోంగూర వేయించుకున్న పెద్దమనిషి పేరు తడుతుంది. ఎవరిని చూస్తే ఆయన ప్రాణం లేచి వస్తుందో వాళ్ళ పేరు మాత్రం రాదు. ఆ ఇంట్లో ఆమెకూ కూతురికీ మిగిలిన ప్రేమంతా ఆ పేరుకు అడ్డం నిలబడి ఉంది. ఏడవాలో సంతోషపడాలో ఆమెకు తెలియలేదు, చివరికి ఏడ్చింది.

సారు కంటే ముందు ఇద్దరికి ఆ చిప్పు పెట్టారు. వాళ్ళ సంగతి అప్పుడు ఆరా తీశారు. ఒకాయన ఎవరూ లేని ఒంటరివాడు, ఆయనకు ఏ లోటూ లేదు. రెండో ఆయన నల్గొండ వైపు రైతు. ఆయన భార్య ఫోనులో, మా ఆయనకు అలక ఇంకా తీరలేదమ్మా, ఆసుపత్రిలో పడి ఉంటే నేను చెల్లెలి పెళ్ళికి పోయొచ్చిన్నని కావాలనే ఎవరు నువ్వు అంటున్నడు అని చెప్పింది. ఇన్నాళ్ళూ ఆమె ఆయనను బతిమాలుకుంటూనే ఉందట.

చేయగలిగింది ఏమైనా ఉందా అని స్వరూప అడగని మనిషి లేడు. జవాబు ఆమెకే అందరికన్నా బాగా తెలుసు, అయినా అడిగింది. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సాఫ్ట్‌వేర్ అయితే ఈ పూటే మార్చేద్దుం కదమ్మా. ఇది లోహం. నీకు నేను చెప్పాలా?" అన్నారు రాజమండ్రి యాసలో మెల్లగా.

తీసేసి కొత్తది పెట్టడం కుదరదని ఫరీదా చెప్పింది. చిప్పు నుంచి వెళ్ళిన సన్నటి దారాలను మెదడు తనలో కలుపుకుంది, లాగితే మిగిలిన కాస్తా ఊడి వస్తుంది. మళ్ళీ ముక్కులో గొట్టం, ఆ తర్వాత అది కూడా ఉండదు. కొత్త చిప్పులో ఆగినవాటికి దారి ఇచ్చే నియమం పెట్టారు. వేడి పుట్టకుండా వేరే ఉపాయం కూడా దొరికింది. ఆ కూడలిని స్వరూపే రాసింది. దాన్ని పెట్టించుకున్న మొదటి ఆమె కళ్ళు తెరుస్తూనే కొడుకును పేరు పెట్టి పిలిచిందని తెలిసి ల్యాబులో స్వీట్లు పంచారు. స్వరూప ఒక ముక్క నోట్లో వేసుకుని బాత్‌రూములోకి వెళ్ళి ఉమ్మేసింది. ఆ పరాయి తల్లి మీద ఆమెకు కోపం వచ్చింది, అలా వచ్చినందుకు సిగ్గూ వేసింది.

గుండె వేగం తగ్గించే మాత్రలు వాడి చూశారు. గుండె నెమ్మదించింది కానీ గొంతు బిగుసుకోవడం ఆగలేదు, పైగా సారు కళ్ళు తిరిగి రెండుసార్లు పడబోయాడు. మాత్రలు ఆపేశారు. పక్క గది నుంచి ఫోనులో మాట్లాడి చూశారు. గొంతు వినగానే ఆయన చేయి వణికింది, ఎవరు మాట్లాడేది అని అడిగాడు. ఇందుజ వేరే తోవ పట్టింది. కబడ్డీ నేర్చుకుంటానని చెప్పి, సార్ సార్ అంటూ శిష్యురాలిలా ఆయన ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయన హుషారుగా కాగితం మీద గీతలు గీసి బోనస్ లైను గురించి చెప్పేవాడు. చెబుతూ చెబుతూ మాట తడబడి, నీ పేరేందన్నవ్ అని మళ్ళీ అడిగేవాడు. ఇందుజ అని ఆ పిల్ల ప్రతిసారీ చెప్పేది. "మా బిడ్డ పేరు కూడా అదే" అని ఆయన మురిసిపోయేవాడు.

ఒక ఆదివారం వాన పడుతోంది. భోజనాలయ్యాక సారు వాలుకుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఇందుజ తలంటుకుని, తడి జుట్టు ఆరకుండానే కింద చాప మీద పుస్తకం పట్టుకుని అలాగే నిద్రపోయింది. స్వరూప వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. సారుకు మెలకువ వచ్చింది. అప్పుడే నిద్రలోంచి లేచిన ఒళ్ళు ఇంకా బద్ధకంగా, గుండె నెమ్మదిగా ఉన్నట్టుంది.

"ఇందూ, నెత్తి తడిగుంటే అట్లనే పండుకున్నవేంది? జలుబు చేస్తది."

స్వరూప చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఇందుజ కళ్ళు తెరిచింది. కదలవద్దని, మాట్లాడవద్దని స్వరూప గుమ్మంలోంచి చేతులు జోడించి సైగ చేసింది. పిల్ల పెదవి కొరుక్కుని ఓర్చుకుంది. తండ్రి తన వైపే చూస్తున్నాడు, తనను తనలాగే చూస్తున్నాడు. పదిహేడేళ్ళ పిల్ల, ఎంతసేపని ఓర్చుకుంటుంది.

"బాపూ" అంది.

సారు మొహమంతా నవ్వు పరుచుకుంది. కూతురి తల నిమరడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. నవ్వు ఇంకా పెదవుల మీద ఉండగానే కళ్ళలో పరాయితనం వచ్చేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"పొద్దుపోతున్నది బిడ్డా. మీ ఇంట్ల ఎదురుచూస్తరు, పో" అన్నాడు.

ఇందుజ నిజంగానే లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. వాన తగ్గేదాకా మెట్ల మీద కూర్చుంది. నేను బాపూ అనకుండా ఉండాల్సింది అమ్మా అని ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. నీ తప్పేం లేదని చెప్పడం తప్ప స్వరూపకు ఏమీ చేతకాలేదు. ప్రతి కూడలీ తెలిసిన మనిషి, ఎక్కడ ఏది ఆగిందో వేలు పెట్టి చూపించగలిగిన మనిషి, ఇంట్లో ఉత్త చేతులతో తిరిగేది.

చలికాలం వచ్చింది. సారు సాయంత్రాలు బాల్కనీలోకి వెళ్ళడం తగ్గించాడు. మోకాళ్ళు లాగుతున్నాయేమో అనుకుని స్వరూప అక్కడ ఒక కుర్చీ వేయించింది. కుర్చీ ఖాళీగానే ఉండేది. ఆమె ఆటో దిగేసరికి ఆయన హాల్లో టీవీ ముందు ఉండేవాడు. మా స్వరూప ఇంకా రాలేదనడం కూడా మానేశాడు. ఇందు గురించి మాత్రం అడుగుతూనే ఉన్నాడు. కాలేజీ నుంచి ఇంత ఆలస్యమా అని, చీకటి పడేలోపు తీసుకురావాలని చెప్పులు వేసుకుని బయలుదేరేవాడు.

ఒక రోజు పొద్దున స్వరూప ఆఫీసుకు వెళ్ళే హడావిడిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సారు నీళ్ళ సీసా కోసం వంటింట్లోకి వచ్చాడు.

"స్వరూపా, గ్యాస్ బుక్ చేసినవా? సిలిండర్ తేలికగున్నది" అన్నాడు.

చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. ఏమన్నారని అడిగింది. గ్యాసని మళ్ళీ చెప్పాడు. నేనెవరినండీ అని అడిగింది. ఇదేం ప్రశ్న, స్వరూపవు గాక ఇంకెవరు అన్నాడు ఆయన. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది. పెళ్ళిలో జరిగింది అడిగింది, ఇందు పుట్టిన రోజు సంగతి అడిగింది, ఇద్దరూ కలిసి తిరిగిన ఊళ్ళన్నీ అడిగింది. అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. ఆమె ఏడుస్తుంటే, తల్లిగారింట్ల అంతా బాగున్నరు కదా అని మర్యాదగా అడిగాడు. ఆమె చేతులు వదలగానే సీసా తీసుకుని హాల్లోకి వెళ్ళి పేపరు విప్పుకున్నాడు.

స్వరూప ఆనందం పట్టలేక చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ల్యాబుకు వెళ్ళింది. కూడలి ఎలా తెరుచుకుందో చూడాలి. దారి దొరికితే ఇందుకూ దొరుకుతుంది, ఆ నల్గొండ రైతు భార్యకూ దొరుకుతుంది. ఆ పొద్దుటి రికార్డు తెర మీదికి తెచ్చింది. తన మొహం ఆయన కంటికి కనబడిన క్షణం దగ్గర ఆపి, అక్కడి నుంచి మెల్లగా నడిపించింది. గుండె ప్యాకెట్లు పరాయివాళ్ళను చూసినప్పుడు ఉండేటన్నే ఉన్నాయి. ఊపిరి మామూలుగానే ఉంది. గొంతు బిగుసుకోలేదు. దారులన్నీ ఖాళీ. ఆమె పేరు ఒక చివర బయలుదేరి ఎక్కడా ఆగకుండా ఇంకో చివర చేరింది. మల్లేశం పేరు ఎలా పోయేదో అలాగే పోయింది.

కూడలిలో ఏమీ మారలేదు. ఆమె రికార్డును వెనక్కి నడిపి మళ్ళీ చూసింది, ఆయన చేతులు తాను పట్టుకున్న దగ్గర మరీ మరీ చూసింది. అక్కడా ఏమీ లేదు.

ఫరీదాకు ఫోన్ చేసి తాను చూసింది చెప్పింది. "ఒళ్ళు కూడా అలసిపోతుంది స్వరూపగారూ" అంది ఫరీదా. "ఇన్ని నెలలుగా రోజూ పొంగింది. ఎందుకు పొంగిందో చెప్పడానికి పేరు దొరకలేదు. అలా ఎన్నాళ్ళని. మీ విషయంలో పొంగడం మానేసినట్టుంది." మళ్ళీ వస్తుందా అని స్వరూప అడిగింది. తెలియదనే చెప్పింది డాక్టరు.

స్వరూప ఇంటికి వచ్చేసరికి ఇందుజ అప్పుడే కాలేజీ నుంచి వచ్చి సంచీ దింపుతోంది. సారు హాల్లోంచే, "స్వరూపా, జల్ది వచ్చినవ్?" అన్నాడు. ఇందుజ అక్కడికక్కడే నిలబడిపోయింది. తల్లిని గట్టిగా పట్టుకుని, తర్వాత తండ్రి ముందుకు పరుగెత్తి మోకాళ్ళ మీద కూర్చుంది. బాపూ నన్ను చూడు అంది. ఆయన చేతిలో గ్లాసు వణికి నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఊపిరి అందనట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఎవరమ్మా నువ్వు, మా ఇందు నీ దోస్తా, అదింకా రాలే అన్నాడు.

ఇందుజ లేచి వంటింట్లోకి వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ తల్లి కొంగు పట్టుకుంది.

"నువ్వేం చేసినవమ్మా? నిన్నెట్ల గుర్తుపట్టిండు? నాకూ చెప్పు, నేనూ అట్లనే చేస్త."

స్వరూప కూతురి మొహం వైపు చూసింది. ఆ మొహం చూస్తే వణికే చెయ్యి ఒకటి ఇంకా ఆ ఇంట్లో ఉంది. ఆమెకు కూతురి మీద అసూయ కలిగింది, ఆ వెంటనే, ఆ వణుకూ ఒకరోజు ఆగిపోతుందేమోనని భయమూ వేసింది.

"ఏం చెయ్యకు బిడ్డా" అంది. "నిన్ను గుర్తుపట్టకుండనే ఉండనీ."

అర్థం కాక పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. హాల్లోంచి సారు గొంతు, తొట్రుపాటు లేకుండా, స్పష్టంగా వినబడింది.

"స్వరూపా, ఎవరో పిల్ల ఏడుస్తున్నట్టున్నది. జర చాయ్ పెట్టియ్యి."

స్వరూప స్టవ్ వెలిగించి గిన్నెలో పాలు పోసింది.